కొసరు చలి

మా మావయ్య ఇంట్లో వెన్న కోయడానికి కత్తి ఒక్కటే చాలదు, భుజబలం కూడా కావాలి. ముందే తీసి బయట పెట్టడం మరిచిపోతే రొట్టె చిరుగుతుంది గాని వెన్న లొంగదు. "ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషిని కట్టుకున్నాను, నా ఖర్మ. మా ఇంట్లో ఫ్రిజ్ మరీ బాగుపడిపోయింది" అంటుంది అత్తయ్య, ఆ రాయిని పొయ్యి పక్కకి జరుపుతూ.

మావయ్య బతుకంతా చలితోనే గడిచింది. మాంసం కొట్లు, పూల దుకాణాలు, ఆస్పత్రిలో మందుల అలమరాలు, ఐస్‌క్రీం బళ్లు, ఎక్కడ చల్లదనం పోయినా ఆయనకే కబురు. ఆయన అసలు పేరు పెళ్లినాడు ఎవరో ఒకసారి పైకి చదివి ఉంటారు. ఆ తరవాత దానితో ఎవరికీ పని పడలేదు. ఊరందరికీ ఆయన ఐసు.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉంది. ఎవరు ఎంత చల్లదనం అడిగినా అంతకంటే ఒక మెట్టు కిందకి తిప్పి పెడతాడు. "కొట్టువాడు రోజంతా తలుపు తీస్తాడు, వేస్తాడు. తీసినప్పుడల్లా చలి బయటికి పారిపోతుంది. అడిగినంతే ఇస్తే సాయంత్రానికి వాడికి మిగిలేది సగమే. అందుకని కాస్త కొసరు వెయ్యాలి" అంటాడు. కూరలమ్మి గుప్పెడు చిక్కుళ్లు మీద వేసినట్టు ఆయన చలి మీద చలి వేస్తాడు. ఆయన బాగుచేసిన పెట్టెలో మాంసం పాడైందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఆ ఒక్క మాటతోనే ఆయనకి కడుపు నిండిపోతుంది.

ఇలాంటి మనిషి బర్గండీ రెడ్ వైన్లు పోగేస్తాడంటే వినేవాళ్లు ముందు నవ్వుతారు.

ఆ నవ్వు ఎందుకో తెలియాలంటే బర్గండీ గురించి కాస్త తెలియాలి. అది ఫ్రాన్సులో ఒక ప్రాంతం. అక్కడి కొండవాలు మీద ద్రాక్షతోటల్ని జేబురుమాళ్లలా ముక్కలు చేశారు. ఒక్కో ముక్కకి ఒక పేరు. ఒక్కో ముక్కలో మళ్లీ నాలుగు సాళ్లు ఒకరివి, ఆరు సాళ్లు ఇంకొకరివి. ఎరుపు వైన్‌కి అందరూ వాడేది దాదాపు ఒకే రకం ద్రాక్ష. అయినా ఈ సాలు వైన్ వేరట, గట్టుకి అవతలి సాలు వైన్ వేరట. తయారయ్యేది కొంచెం, కావాలనేవాళ్లు లోకమంతా. అందుకని మంచి ఏడాది మంచి చేతిలో పడిన సీసా ధర భూమి ధరలా పెరుగుతూ పోతుంది. కొనేవాళ్లలో చాలామంది దాన్ని తాగరు, కళ్లతో కూడా చూడరు. ఎక్కడో గోడౌన్‌లో చీకట్లో పడి ఉంటుంది. కాగితం మీద ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతుంది. పుస్తకాన్ని విప్పకుండానే అమ్ముకుని, బాగా చదివానని చెప్పుకునేవాళ్లు ఉంటారు కదా, వాళ్ల సంత అది. మెకానిక్కుకి ఆ సంతలో చోటు లేదు. మా మావయ్యకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

అది ఇలా మొదలైంది. ఊళ్లో ఒకప్పుడు పెద్ద హోటల్ ఉండేది, ఇప్పుడు లేదు. దానిలో ఐస్ మిషన్ ఆగిపోతే మావయ్య వెళ్లాడు. వెనక గదిలో వీపు వంచి పని చేస్తుంటే, చేతి మీద తెల్ల తువ్వాలు వేసుకున్న సర్వర్ ఒకాయన వచ్చి, విందులో ఎవరో వదిలేసిన సీసాలోంచి అరగ్లాసు వంచి ఇచ్చాడట. మావయ్య దృష్టిలో అంతవరకూ వైన్ అంటే తలనొప్పికి అడ్వాన్సు. ఒక గుక్క తాగి, పనిముట్ల పెట్టె మీద కూర్చుండిపోయాడు. "ఏం పోశావయ్యా ఇందులో?" అన్నాడు. "ఆ విందువాళ్లు కూడా అదే అడగాల్సింది. కాని ధర అడిగి ఊరుకున్నారు" అన్నాడు సర్వర్.

ఆ రోజు నుంచి ఒకడు ఐసు, ఇంకొకడు తువ్వాలు. మాకు మాత్రం ఆయన సర్వర్ బాబాయి.

ఆ హోటల్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు ఏటా కొన్ని సీసాలు హోటల్ కొన్న ధరకే కొనుక్కోవచ్చు. బాబాయికి ఏ సీసా మంచిదో తెలుసు, కొనడానికి చేతిలో డబ్బు ఆడదు. మావయ్యకి డబ్బు ఆడుతుంది, ఏది కొనాలో తెలియదు. ఇద్దరూ ఐస్ మిషన్ పక్కనే ఒప్పందం చేసుకున్నారు. ఎంపిక బాబాయిది, డబ్బూ చలీ మావయ్యవి. ముసలితనంలో అమ్మి చెరిసగం. సంతకం లేదు, సాక్షి లేడు. నవ్వుకున్నారు, చేతులు కలిపారు, అంతే.

ఏటా ఒకటీ రెండూ చేరాయి. హోటల్ మూసేసే ముందు మాత్రం ఒక పూర్తి పెట్టె దొరికింది. గోడ కట్టిన చిన్న తోట, చెయ్యి తిరిగిన కుటుంబం, అందరూ చెప్పుకునే ఏడాది. మేకులు ఊడని చెక్కపెట్టె. హోటల్ నేలమాళిగ చూసుకునే పెద్దాయన దాన్ని స్వయంగా బాబాయి చేతికిచ్చాడు. బాబాయి భుజానికెత్తుకుని మెట్లెక్కి, మావయ్య వ్యాన్‌లో పెట్టాడు.

దాన్ని దాచిన గది చూడాల్సిందే. వీధి చివర మాంసం కొట్టు ఎత్తేస్తుంటే మావయ్య దాని చల్లగదిని పలకలుగా విప్పుకొచ్చి, తన షెడ్డు వెనక మళ్లీ నిలబెట్టాడు. పైన మాంసం వేలాడదీసే కొక్కేల పట్టీ అలాగే ఉంది. ఇప్పుడు వాటికి తడి తువ్వాళ్లు వేలాడతాయి, గాలిలో చెమ్మ ఉండాలి, లేకపోతే బిరడాలు ఎండిపోతాయి. కంప్రెసర్‌ని గోడ అవతల పాత టైరు ముక్కల మీద కూర్చోబెట్టాడు, సీసాలకి కుదుపు తగలకూడదని. చల్లదనం ఎంత ఉండాలో బాబాయి అంకెతో సహా చెప్పాడు. మావయ్య ఆ అంకె దగ్గర పెట్టి, చెయ్యి అలవాటు కొద్దీ కొసరు వేశాడు. తలుపు మూశాడు. తువ్వాళ్లు తడపడానికి గోడకి ఒక చిన్న కంత పెట్టి, లోపలికి గొట్టం తోశాడు, తలుపు తీసే పని కూడా లేకుండా. ఆ తెలివికి తనకి తనే భుజం తట్టుకున్నాడు.

ఆ తలుపు ఏడాదికి ఒకసారి తెరుచుకుంటే గొప్ప.

అలా ఏళ్లు గడిచాయి. మావయ్య మోకాళ్లు మూలగడం మొదలుపెట్టాయి. బాబాయి బేకరీ మీద అద్దెగదిలో ఒంటరిగా ఉంటాడు. ఆ మెట్లు ఎక్కేసరికి ఆయాసం. కింద ఎక్కడైనా చిన్న ఇల్లు చూసుకోవాలని కోరిక. ఇక ఒప్పందం తీర్చుకునే వేళయిందని ఇద్దరూ అనుకున్నారు. షెడ్డు మూసేద్దాం, సీసాలన్నీ అమ్మేద్దాం, ముందు ఆ పెట్టె. మావయ్య వేలం సంస్థకి ఫోన్ చేశాడు.

వచ్చినావిడ వయసులో చిన్నది. బూట్లకి మట్టి అంటినా పట్టించుకోలేదు. గది చూసి నిజంగా ముచ్చటపడింది. కొక్కేలు చూసి, "ఇక్కడ ఇంతకుముందు ఎవరుండేవారండీ?" అంది. "గొర్రెలు" అన్నాడు మావయ్య. ఆవిడ పకపకా నవ్వింది. పెట్టె మూత జాగ్రత్తగా లేపి, ఒక సీసా తీసి, మెడ వెనక టార్చి వేసి చూసింది. దాన్ని పెట్టి ఇంకొకటి తీసింది. తరవాత ఇంకొకటి. ఆ నవ్వు మొహంలోంచి ఎప్పుడు వెళ్లిపోయిందో తెలియలేదు.

"సార్, ఈ పెట్టె మీ దగ్గర ఎప్పట్నుంచి ఉంది?"

"మా అమ్మాయి బళ్లో చేరిన ఏడు నుంచి. ఇప్పుడు దాని కూతురు చేరింది."

"మధ్యలో ఎక్కడికైనా వెళ్లిందా? ఎవరైనా బిరడాలు మార్చారా?"

"నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి తగల్లేదమ్మా. ఏం?"

ఆవిడ సీసాని ఆయన వైపు తిప్పింది. "ఇంత వయసొచ్చిన సీసాలో వైన్ ఇక్కడికి దిగాలి" అని మెడ మీద వేలు పెట్టింది. "బిరడా ఎంత బిగుతుగా ఉన్నా, ఏళ్ల మీద కొంచెం కొంచెం ఆవిరైపోతుంది. ఇది చూడండి, మూతి దాకా ఉంది. రంగు కూడా. ఈపాటికి అంచు ఇటుక రంగు తిరగాలి. ఇది ఇంకా దానిమ్మగింజలా ఉంది."

"బాగుంటే తప్పా?"

"బాగుంటే మంచిదే సార్. మరీ బాగుంటేనే భయం." ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు. "ఈ కుటుంబం పేరు మీద దొంగ సీసాలు చాలా తిరుగుతున్నాయి. ఇవి దొంగవని నేను అనట్లేదు. కాని ఇలా అమ్మకానికి పెట్టలేను. ఒకటి తెరిస్తే తెలిసిపోతుంది. బిరడా మీద ఏడాది ముద్ర ఉంటుంది, రుచి ఎలాగూ దాగదు. తెరిస్తే మాత్రం నిండు పెట్టె నిండు పెట్టెగా మిగలదు, ధర తగ్గుతుంది. ఆలోచించుకోండి." వెళ్లబోతూ ఆగి, "మీకు ఇవి ఎవరిచ్చారు?" అంది.

"మా స్నేహితుడు" అన్నాడు మావయ్య.

ఆవిడ ఇంకేమీ అడగలేదు. అడగకపోవడమే ఆయనకి ఎక్కువ గుచ్చుకుంది.

ఆ సాయంత్రం మావయ్య ఇంట్లో ఫ్రిజ్ వెనక్కి తిప్పి, ఏ జబ్బూ లేని దాన్ని మొత్తం విప్పి మళ్లీ బిగించాడు. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసింది. "ఇంకా చల్లగా చేస్తే నేను పుట్టింటికి పోతా" అంది. ఆయన నవ్వలేదు. అప్పుడు ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుని విషయం మొత్తం కక్కించింది.

"అమ్మకపోతే అమ్మకపోయాం" అన్నాడు చివర్న. "వాడితో మాత్రం ఈ మాట అనకు. వాడు ఇచ్చిందాన్ని వాడి ముందే తెరిచి చూడ్డమంటే ఏంటి? వాణ్ణి సోదా చేసినట్టు కాదూ?"

ఆదివారం మధ్యాహ్నం పేకాట. షెడ్డులో పని బల్ల మీద రెంచీలు పక్కకి తోసి ఆడతారు. ఎప్పుడూ అదే జాతర. ఒకడు ముక్క దాచాడంటాడు, ఇంకొకడు నీ అమ్మమ్మ కూడా ఇలాగే ఆడేదంటాడు. పక్కింటివాళ్లు కిటికీ మూసుకుంటారు. ఆ ఆదివారం బాబాయి వరసగా గెలుస్తూ పోయాడు. మూడో ఆటలో పచ్చిగా మోసం చేశాడు కూడా. మావయ్య ఏమీ అనలేదు, ముక్కలు కలిపి పంచాడు.

బాబాయి ముక్కలు కింద పెట్టేశాడు.

"ఎవరు పోయార్రా?"

"ఎవరూ పోలేదు. ఆడు."

"కళ్ల ముందు రాజుని మార్చేశాను. చూశావు. ఊరుకున్నావు. ఒరేయ్ ఐసూ, నాకేదో రోగమని డాక్టరు నీకు చెప్పాడా ఏంటి? జాలి పడుతున్నావా?"

"నీ మీద జాలెందుకురా, తొండిగాడివి."

"మరి?"

అత్తయ్య అప్పుడే టీ కప్పులతో వచ్చింది. ఆవిడకి రహస్యం మొయ్యడం చేతకాదు, ఎక్కడో ఒకచోట దింపేయాల్సిందే. "అన్నయ్యా, మీరే అడగండి. ఆ పెట్టె చూసి వేలం అమ్మాయి దొంగ సరుకేమో అందిట. ఈయన అప్పట్నుంచి తిండి తినట్లేదు, నన్ను తిననివ్వట్లేదు."

మావయ్య ఆవిడ వైపు చూసిన చూపుకి టీ చల్లారిపోవాలి.

బాబాయి లేచి నవ్వుతాడనుకున్నారు, లేదా ఆ అమ్మాయిని తిడతాడనుకున్నారు. ఆయన రెండూ చెయ్యలేదు. తువ్వాలు మడిచాడు, మళ్లీ విప్పాడు, మళ్లీ మడిచాడు.

"ఆ నేలమాళిగ పెద్దాయన గుర్తున్నాడా?" అన్నాడు. "హోటల్ మూసేశాక వాడి బండారం బయటపడింది. విందుల్లో ఖాళీ అయిన మంచి సీసాలు దాచి, నాసిరకం పోసి, బిరడా కొట్టి అమ్మేవాడట. పోలీసులు పట్టుకెళ్లారు. ఎన్ని అలాంటివో, ఎవరికిచ్చాడో వాడికే లెక్క లేదు."

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెబితే ఏం చేసేవాడివి? తెరిచేవాడివా?" బాబాయి తువ్వాలు బల్ల మీద పెట్టాడు. "తెరవనంతకాలం నేను నీకు మంచిది తెచ్చిచ్చినవాణ్ణి. తెరిస్తే ఏమవుతానో నాకూ తెలీదు. ఇన్నేళ్లూ నీ షెడ్డుకి వచ్చినప్పుడల్లా ఆ తలుపు వైపు చూడకుండా పేకాడాను."

మావయ్య టీ కప్పు పక్కకి జరిపాడు. తరవాత ముక్కలు చేతిలోకి తీసుకున్నాడు. "సరే, ఇప్పుడు చెప్పావుగా. ఆ పెట్టె అలాగే ఉండనీ. నువ్వు నన్ను ముంచాలని తెచ్చావా? లేదుగా. నాకది చాలు. పంచుతున్నా, కూర్చో."

"నీకు చాలు" అన్నాడు బాబాయి. "నాకు చాలదు." లేచి వెళ్లిపోయాడు. టోపీ బల్ల మీదే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున అత్తయ్య వీధి తలుపు తీసేసరికి ఆయన గుమ్మంలో ఉన్నాడు. హోటల్ నాటి నల్ల కోటు, ఇస్త్రీ చేసిన తెల్ల తువ్వాలు. కోటు కింది బొత్తాములు రెండూ పొట్టకి లొంగలేదు. చేతిలో బిరడా తీసే మర.

"చెల్లెమ్మా, ఆ అమ్మాయిని పిలిపించు. ఇవాళే. నా ధైర్యం రేపటిదాకా నిలవ ఉండే రకం కాదు."

మధ్యాహ్నానికి ఆవిడ వచ్చింది. పని బల్ల మీద పాత దుప్పటి పరిచారు. అత్తయ్య తన దగ్గరున్న మంచి గ్లాసులు తెచ్చింది. నాలుగూ నాలుగు రకాలు, ఒకదాని మీద పెట్రోలు బంకు బొమ్మ. వేలం అమ్మాయి మర్యాదగా వాటిని పక్కకి జరిపి, తన సంచిలోంచి పల్చటి గ్లాసులు తీసింది. "పట్టుకుంటే పగిలేలా ఉన్నాయి" అంది అత్తయ్య. "పగిలినా పర్వాలేదండీ" అంది ఆవిడ. పగిలితే డబ్బు ఆవిడది కాదు, సంస్థది. అందుకే అంత ఉదారం.

ఏ సీసా తెరవాలో మావయ్యని తియ్యమన్నారు. ఆయన లోపలికి వెళ్లి, చాలాసేపు రాలేదు. చివరికి ఒకటి పట్టుకొచ్చి, బాబాయి ముందు పెట్టి, చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"ఇంకోసారి ఆలోచించరా తువ్వాలూ. ఈ అమ్మాయికి దారి ఖర్చులిచ్చి పంపేద్దాం. నేను నిన్ను ఎప్పుడూ అడగను."

"నువ్వు అడగవనే నా బాధ. జరుగు, వెలుతురుకి అడ్డం."

బాబాయి చేతులు వణుకుతున్నాయి. మావయ్య సాయానికి చెయ్యి చాపితే తువ్వాలుతో కొట్టాడు. మూతి మీది రేకుని అంచు కింద చుట్టూ కోశాడు. తువ్వాలుతో మూతి తుడిచాడు. మర కొనని బిరడా నడిమధ్యన ఆనించేసరికి వణుకు ఆగిపోయింది. ఆ చేతులకి ఆ పని జ్ఞాపకం ఉంది, భయాన్ని కాసేపు బయట నిలబెట్టాయి. బిరడా చిన్న నిట్టూర్పుతో బయటికొచ్చింది.

ఆయన దాన్ని చూడలేదు. చూడకుండానే ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ వెలుతురులో తిప్పి చూసింది. అడుగున కొస మాత్రం తడిసి ఎర్రగా ఉంది, మిగతాదంతా పొడిగా, కొత్తదానిలా ఉంది. పక్కన కుటుంబం పేరు, ఏడాది, కాల్చి వేసిన ముద్ర. "ముద్ర సరిగ్గానే ఉంది" అంది. "కాని ముద్రలు కూడా చేయిస్తారు" అని తనే అంది.

గ్లాసులో పోసింది. వాసన చూసింది, పెదవి విరిచింది. కొంచెం నోట్లో పోసుకుని కళ్లు మూసుకుంది. ఉమ్మేసింది. బాబాయి బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఏమీ లేదు" అంది ఆవిడ. "బిగుసుకుపోయి ఉంది. పులుపు, వగరు. వాసనే రావట్లేదు."

"మూగదా? నోరు విప్పట్లేదా?" అన్నాడు బాబాయి.

"మూగదే. అయితే నాసిరకం మూగతనం కాదిది. అదే అర్థం కావట్లేదు."

"గ్లాసు చల్లగా ఉందమ్మా, నీ వేళ్లు చూడు ఎలా అయ్యాయో" అంది అత్తయ్య. గ్లాసు లాక్కుని రెండు అరచేతుల మధ్య పెట్టుకుంది, చలిలో వచ్చిన పిల్లల చేతులు పట్టుకున్నట్టు. "మా ఇంట్లో ఏది తినాలన్నా ముందు దానికి కాస్త సేవ చెయ్యాలి."

అందరూ ఆ గ్లాసు చుట్టూ నిలబడ్డారు. బయట ఎవరో లారీ వెనక్కి తీస్తున్నారు. గోడ అవతల కంప్రెసర్ గురగురలాడి ఆగింది. కొంతసేపటికి అత్తయ్యే ముందు తల వంచింది.

"ఏమండీ. వాసనొస్తోంది."

వేలం అమ్మాయి గ్లాసు తీసుకుంది. వాసన చూసింది. ఈసారి తల ఎత్తడానికి ఆలస్యమైంది. ఒక గుక్క తాగింది, ఉమ్మలేదు. గ్లాసు బాబాయికిచ్చింది. ఆయన ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నేరేడు పండ్లు ఉన్నాయి అందులో, వాన పడ్డ మట్టి ఉంది, పుస్తకంలో దాచి మరిచిపోయిన గులాబీ ఉంది. అన్నిటికీ ముందు ఆ పాత విందుల హాలు ఉంది.

"ఇదేరా" అన్నాడు మావయ్య వైపు తిరిగి. "ఐస్ మిషన్ దగ్గర నువ్వు తాగినదానికి తమ్ముడు." కళ్లు తుడుచుకోవడానికి తువ్వాలు ఎత్తి, అది ఇస్త్రీ చేసిందని గుర్తొచ్చి, చొక్కా చేతితో తుడుచుకున్నాడు.

"ఇది ఆ తోటదే, ఆ కుటుంబానిదే" అంది వేలం అమ్మాయి. "ఎవరడిగినా చెబుతాను. కాని వయసు మాత్రం దీనికి రాలేదు. ఇది ఇంకా పసిపిల్ల. ఇన్నేళ్ల వైన్ ఇంత పసిగా ఎలా ఉంటుంది? సార్, ఆ గదిలో ఎంత పెట్టారు మీరు?"

"వీడు చెప్పినంతే పెట్టాను" అన్నాడు మావయ్య. ఆగాడు. "కొసరు వేశాననుకో. మామూలుగా వేసేదే."

"కొసరంటే?"

ఆయన పద్ధతి చెప్పాడు. కొట్టువాడు తలుపు తీస్తాడు కదా, చలి పోతుంది కదా, అందుకని ముందే ఒక మెట్టు కిందకి. చెబుతూ చెబుతూ ఆయన గొంతు నెమ్మదించింది. ఎవరి తలుపు, ఎవరు తీస్తున్నారు?

బాబాయి పనిముట్ల పెట్టె మీద కూలబడ్డాడు. ముందు దగ్గు అనుకున్నారు. నవ్వు. "ఓరి నీ అఘాయిత్యం! తలుపే తియ్యని గదికి కొసరు వేశావా! వైన్ దాచమని ఇస్తే గొర్రె మాంసంలా దాచావురా!"

"పాడయిందా ఏంటి?" అన్నాడు మావయ్య, చెవులు ఎర్రబడి.

"పాడవలేదు సార్" అంది వేలం అమ్మాయి. ఆవిడ కూడా నవ్వు ఆపుకోలేకపోతోంది. "నిద్రపోయింది. అంత చలిలో అది పెరగలేదు, తరగలేదు. అందుకే మూతిదాకా ఉంది, అందుకే రంగు మారలేదు. మీకింకా పసిపాపలే ఉన్నారు లోపల."

"నేను చెబుతూనే ఉన్నాను" అంది అత్తయ్య. "వెన్నని చూసైనా తెలుసుకోవాల్సింది."

తరవాత అమ్మకం మాట వచ్చింది. ఇప్పుడే వేలానికి పెట్టొచ్చు, పోతుంది. అయితే ఆ మూతిదాకా నిండిన సీసాల్ని చూసి ప్రతివాడూ తను పడ్డ అనుమానమే పడతాడు, తగిన ధర రాదు అని చెప్పింది ఆవిడ. లేదంటే గదిని నెమ్మదిగా, ఒక్కసారిగా కాకుండా, కాలానికి ఇంత చొప్పున వెచ్చబరిస్తే అవి వాటి వయసు అందుకుంటాయి. "ఏళ్లు పడుతుంది. మీరు చూడాలి మరి, మీ ఓపిక." అమ్మకానికి ఏమీ పట్టుకెళ్లకుండా, తెచ్చిన గ్లాసుల సంచితోనే వెళ్లింది. వెళ్లేముందు గ్లాసులో మిగిలిన చుక్క కూడా వదల్లేదు. వేలం సంస్థలో ఆ ఒక్కతైనా తాగడానికి చేసిన వస్తువుని తాగింది, ఆవిడ మీద ఆ మాత్రం గౌరవం చూపాలి.

షెడ్డులో ముగ్గురూ మిగిలారు. సీసాలో ఇంకా సగం ఉంది.

"ఏళ్లంటోంది" అన్నాడు బాబాయి. "నా మెట్లేమో ఇవాళే ఎక్కాలి."

అత్తయ్య పెట్రోలు బంకు గ్లాసులో తనకి పోసుకుంటోంది. తల ఎత్తకుండానే అంది. "ఈ షెడ్డు ముందు గదిలో పాత కంప్రెసర్లు తుప్పు పట్టి పడున్నాయి. అవి తీసేస్తే మంచం పడుతుంది. కిటికీ ఉంది, కుళాయి ఉంది. మెట్టు అన్నది లేదు. ఈయన ఎలాగూ షెడ్డు మూసేటట్టు లేడు, పసిపిల్లల్ని వదిలేసి ఎక్కడికి పోతాడు? రోజూ పోట్లాడుకోడానికి మీరు బేకరీ నుంచి వచ్చి పోవడమెందుకు అన్నయ్యా?"

మావయ్య కంప్రెసర్ల వైపు చూశాడు. వాటిలో ఒక్కటి కూడా ఎప్పుడూ ఎవరికీ ఇవ్వలేదు ఆయన, ఎప్పటికైనా పనికొస్తాయని. "ఆ పెద్దది ఉంచుదాం" అన్నాడు.

"ఆ పెద్దదాని మీద పడుకోమంటావా నన్ను?"

"తీసేద్దాంలే."

ఆయన మోకాళ్ల నొప్పి మాట ఆ తరవాత నెలల తరబడి ఎత్తలేదు. తృప్తిగా ఉన్నాననే మాట మా మావయ్య నోటి వెంట ఎప్పుడూ రాలేదు. ఆ మాట ఎక్కువగా వాడేది బాగా గడిచేవాళ్లు, అదీ పక్కవాడికి సర్దుకుపొమ్మని చెప్పాల్సి వచ్చినప్పుడు. ఈయనకి దానితో పని లేదు. షెడ్డు తలుపు తెరిచేటప్పుడు ఈల వేస్తాడు, అంతే.

సీసా తెరిచిన సాయంత్రమే ఇద్దరూ చల్లగది ముందు నిలబడ్డారు. థర్మోస్టాట్ డబ్బా మూత తీశారు. మర బిగుసుకుపోయి ఉంది, అన్నేళ్లు దాన్ని ఎవరూ కదపలేదు. మావయ్య రెండు చుక్కలు నూనె వేసి, వేలితో నెమ్మదిగా తిప్పాడు. బాబాయి కళ్లద్దాలు పెట్టుకుని, ముక్కు డబ్బాకి ఆనించి చూస్తున్నాడు.

"ఇంకొంచెం. ఇంకొంచెం. ఆపు. చాలు, ఇవాళ్టికి అంతే."

"అంతే" అన్నాడు మావయ్య. చెయ్యి తీశాడు. మూత పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు, ఏదో గుర్తొచ్చినట్టు, మళ్లీ వేలు లోపలికి పెట్టి మరని వెంట్రుకవాసి వెనక్కి తిప్పబోయాడు.

తువ్వాలు చెళ్లున వేళ్ల మీద పడింది.

"కొసరు వద్దురా!"